ఫోనులో ధర, కొట్టులో బేరం

గుంటూరు మిర్చి యార్డులో ఉదయం బేరాలు మొదలైన కాసేపటికే ఆ ధరలు ఊళ్లకు చేరిపోతాయి. తేజ ఇంత, 334 ఇంత, 341 ఇంత, తాలు ఇంత అని మిర్చి రకాలవారీగా రాసిన సందేశం కమీషన్ కొట్ల వాట్సాప్ గ్రూపుల్లో పడుతుంది. అక్కడి నుంచి గురజాల, మాచర్ల, వినుకొండ, ఇటు దర్శి, యర్రగొండపాలెం దాకా రైతుల ఫోన్లలోకి వెళ్తుంది. మధ్యాహ్నానికి అదే ధర యూట్యూబులో వీడియో అవుతుంది. కాయ కోసి కల్లంలో ఆరబోసిన రైతు యార్డు గడప తొక్కకుండానే ఆ రోజు మార్కెట్ ఎలా ఉందో చెప్పగలుగుతున్నాడు.

ఒకప్పుడు ధర చెప్పేది కొట్టు. విత్తనానికీ మందుకూ ప్రచారం చేసేది కంపెనీ. మంచిచెడ్డలు వివరించేది రేడియో, పత్రిక, వ్యవసాయాధికారి. ముగ్గురూ ముగ్గురుగా ఉండేవారు కాబట్టి ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో రైతుకు తెలిసేది. ఇప్పుడు ఆ మూడు పనులూ ఒకే తెర మీదికి వచ్చాయి. చాలాచోట్ల ఒకే గొంతులోంచి వస్తున్నాయి కూడా. పత్తి, మిర్చి పండే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఈ మార్పు వల్ల రైతు చేతికి ఏమి దక్కిందో, ఏమి దక్కలేదో పరిశీలించాల్సిన సమయమిది.

ముందు ధర సంగతి. రైతుకు మార్కెట్ సమాచారం అందితే చాలు, గిట్టుబాటు దానంతట అదే వస్తుందన్న నమ్మకం చాలా పాతది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం బజారు ధరలు చదివింది ఆ నమ్మకంతోనే. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టాక మార్కెట్ ధరలు పల్లెల్లో టీ కొట్టు బల్ల మీదికి చేరాయి. 2004 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లు తెరిచింది. 2007 ప్రాంతంలో ఇఫ్కో సంస్థ ఎయిర్‌టెల్‌తో కలిసి రైతుల సెల్‌ఫోన్లకు గొంతు సందేశాలు పంపడం మొదలుపెట్టింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యేసరికి ఈ పాత మార్గాలన్నీ ఒక్కసారిగా వెనకబడ్డాయి.

ఆ నమ్మకం ఎంతవరకు నిజమైందో ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూశారు. కేరళ తీరంలో సెల్‌ఫోన్లు వచ్చాక కవళ్ల చేపల ధరల్లో రేవుకూ రేవుకూ ఉన్న తేడా బాగా తగ్గిందని రాబర్ట్ జెన్సన్ 2007లో చూపించారు. మధ్యప్రదేశ్‌లో ఐటీసీ ఈ-చౌపాల్ కేంద్రాలు పెట్టిన జిల్లాల్లో సోయా రైతుకు 1 నుంచి 3 శాతం ఎక్కువ ధర దక్కిందని అపరాజితా గోయల్ 2010లో తేల్చారు. అక్కడ ఐటీసీ ధర చెప్పి ఊరుకోలేదు, ఆ ధరకు తనే కొన్నది. 2012లో ఫాఫ్‌షాం, మింటెన్ మహారాష్ట్రలో వంద గ్రామాలు తీసుకుని, రైతులకు ఏడాదిపాటు ఎస్సెమ్మెస్‌లో ధరలు పంపిన సేవను పరీక్షించారు. రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మిర్చి యార్డు కథ అర్థమవుతుంది. కేరళ జాలరి పడవను ఏ రేవుకైనా తిప్పుకోగలడు. సోయా రైతుకు మండీ కాకుండా ఇంకో కొనుగోలుదారుడు దొరికాడు. పల్నాడు మిర్చి రైతుకు ఆ రెండు వెసులుబాట్లూ అంతగా లేవు. ఎకరా మిర్చికి నారు మొదలు కోత కూలి దాకా లక్షల్లో ఖర్చవుతుంది. ఆ డబ్బులో పెద్ద భాగం కమీషన్ కొట్టు నుంచో, పురుగుమందుల దుకాణం నుంచో అప్పుగా వస్తుంది. అప్పు ఇచ్చిన కొట్టుకే కాయ తోలాలన్నది రాతకోతలు లేని ఒప్పందం. పక్క కొట్లో క్వింటాకు ఐదు వందలు ఎక్కువ పలికిందని ఫోను చెప్పినా, తోలిన సరుకు ఎత్తుకుని అక్కడికి వెళ్లలేడు. మిర్చిలో రంగు, నిమ్ము, తాలు శాతం చూసి ధర కడతారు. మచ్చు చేతిలోకి తీసుకుని, తుంచి, వాసన చూసి చెప్పే ఆ మాటతో వాదించడానికి వాట్సాప్ సందేశం సరిపోదు.

2016 ఏప్రిల్ 14న మొదలైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ ఈ సమస్యను నేరుగా పట్టుకుంది. గుంటూరు మిర్చి యార్డు, దుగ్గిరాల పసుపు యార్డు తొలి విడతల్లోనే అందులో చేరాయి. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్న వ్యాపారి కూడా గుంటూరు సరుకుకు కంప్యూటర్‌లో ధర కోట్ చేయాలన్నది దాని ఉద్దేశం. ఇప్పుడు దేశంలో 1,300కు పైగా మార్కెట్లు అందులో ఉన్నాయి. అయినా జరుగుతున్న వ్యాపారంలో ఎక్కువ భాగం ఆ యార్డులోని వ్యాపారులకే పరిమితం. రాష్ట్రాలు దాటి జరిగేది చాలా స్వల్పం. కళ్లతో చూడని కాయను కొనాలంటే నాణ్యతను కొలిచే ప్రయోగశాల మాట మీద గురి ఉండాలి. సీజనులో రోజుకు లక్ష టిక్కీలు (బస్తాలు) దిగే యార్డులో ప్రతి లాటుకూ అలా పరీక్ష చేసి పట్టీ ఇవ్వడం ఇంకా సాధ్యం కాలేదు. చేసి తీరాల్సిన పని మాత్రం అదే. కంప్యూటర్లు పెట్టడానికి చూపిన ఉత్సాహం మచ్చు పరీక్షకు చూపి ఉంటే ఈ-నామ్ ఈపాటికి రైతుకు అక్కరకొచ్చేది.

ప్రకాశం జిల్లా పొగాకు ఈ విషయంలో మంచి పోలిక. 1976 జనవరి నుంచి పనిచేస్తున్న పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో వర్జీనియా పొగాకుకు ఇప్పుడు ఎలక్ట్రానిక్ వేలం నడుస్తుంది. ప్రతి బేలుకూ తూకం, గ్రేడు ఉంటాయి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ గొప్పతనం వల్ల కుదిరింది కాదు. బోర్డు కేంద్రంలోనే అమ్మాలన్న చట్టం ఉంది కాబట్టి కుదిరింది. కొనే కంపెనీలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు ఆ వేలం కూడా రైతును కాపాడలేదు. 2015లో ధరలు కుప్పకూలి ప్రకాశం పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. బోర్డు పరిధిలో లేని బర్లీ పొగాకు 2025లో పర్చూరు ప్రాంతంలో కొనేవాడు లేక ఇళ్లలోనే ఉండిపోతే, చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది.

మిర్చికీ అదే ఏడాది అలాంటి అనుభవమే. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన కాయ 2025 ఫిబ్రవరికి పడిపోయింది. ఫోనులో ధర చూసుకోని రైతు ఆ రోజుల్లో ఒక్కడూ లేడు. పడిపోతున్న ధరను గంటగంటకూ చూశారు, అంతే. కేంద్రం క్వింటా రూ.11,781 లెక్కన 2.91 లక్షల టన్నులకు మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. రైతు కోరేది అలాంటి జోక్యం సీజను మొదట్లోనే రావాలని. దానికి కావలసిన లెక్కలు, అంటే ఎంత విస్తీర్ణంలో వేశారు, కోల్డ్ స్టోరేజీల్లో పాత నిల్వ ఎంత ఉంది, చైనా ఎంత కొంటోంది అన్నవి ప్రభుత్వం దగ్గర ముందే పోగవుతాయి. ఏ పొలంలో ఏ పంట వేశారో రాసే ఈ-క్రాప్ నమోదు జరుగుతోంది. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా ఉన్న శీతల గిడ్డంగుల్లో ఏ మూట ఎవరిదో రికార్డు ఉంటుంది. ఆ నిల్వల లెక్క వారం వారం రైతుకు కనబడేలా పెడితే, నారు పోసే ముందే ఎన్ని ఎకరాలు వేయాలో ఆలోచించుకుంటాడు. ఇవాళ్టి ధర కంటే ఆ సమాచారం విలువైనది. అది మాత్రం ఏ గ్రూపులోనూ రాదు.

ఆ ఖాళీలోకి యూట్యూబు వచ్చింది. ‘మిర్చి ధర భగ్గుమంది’, ‘రేపటి నుంచి రికార్డు రేటు’ అన్న పెద్ద అక్షరాల బొమ్మలు చూడని రైతు లేడు. చూసినవారి సంఖ్యను బట్టి ఆదాయం వచ్చే చోట నిలకడగా ఉన్న ధర వార్త కాదు. ఒకటి రెండు మేలైన లాట్లకు పలికిన ధరే మొత్తం మార్కెట్ ధర అన్నట్టు వీడియో వస్తుంది. దాన్ని నమ్మి సరుకు కోల్డ్ స్టోరేజీకి తోలి, నెలల అద్దె, అప్పు మీద వడ్డీ నెత్తిన వేసుకున్న రైతు నష్టపోతాడు. వీడియో చేసినవారికి ఆ నష్టంతో పనిలేదు.

ప్రకటనల చరిత్ర ఈ ప్రాంతంలో ఇంకా బరువైనది. 1980లలో పత్తి ఈ నల్లరేగడిని కమ్మేసినప్పుడు పురుగుమందుల ప్రచారం గోడ రాతలతో, మైకు కట్టిన జీపులతో, డీలరు మాటతో సాగింది. సింథటిక్ పైరెత్రాయిడ్లను మళ్లీ మళ్లీ కొట్టడంతో మిత్ర పురుగులు చచ్చి, తెల్లదోమ విరగబడింది. 1987-88లో పంట పోయి, అప్పులు తీరే దారి కనబడక ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు, అతనే ఏ మందు కొట్టాలో చెప్పేవాడు కావడం ఆనాటి విషాదంలో పెద్ద కారణం. దాన్ని మరిచిపోయి ఇవాళ్టి డిజిటల్ ప్రచారం గురించి మాట్లాడటం తప్పు.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక పోటీ విత్తన ప్యాకెట్ల మీదికి మారింది. ఒకే రకమైన విత్తనం రకరకాల పేర్లతో మార్కెట్‌లోకి వచ్చేది. వరంగల్ జిల్లాలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్, రైతులు తమ పొలంలో పరీక్షించి చూసుకునే అలవాటు పోయి, పక్కవాడు కొన్నదే కొనే స్థితికి వచ్చారని 2007లో రాశారు. ఒక ఏడాది ఊరంతా ఒకే బ్రాండు, మరుసటి ఏడాది అది మాయం. గుంటూరు వైపు పత్తి రైతులకూ ఈ అనుభవం కొత్త కాదు.

ఇప్పుడు ఆ ‘పక్కవాడు’ ఫోనులో ఉన్నాడు. పచ్చగా కళకళలాడే మిర్చి తోటలో నిలబడి ఒక రైతు, ‘నేను ఈ మందు రెండు సార్లు కొట్టాను, ముడత పోయింది’ అంటాడు. వీడియో కింద డీలరు నంబరు ఉంటుంది. అది రైతు అనుభవమా, డబ్బిచ్చి చేయించిన ప్రకటనా అన్నది ఎక్కడా రాసి ఉండదు. గోడ మీద రంగులతో రాసినది ప్రకటన అని చదువు రానివాడికి కూడా తెలిసేది. తోటి రైతు నోటితో వచ్చే ప్రకటనకు ఆ గుర్తు లేదు. డిజిటల్ ప్రచారం ఈ ప్రాంతానికి తెచ్చిన అసలు మార్పు ఇదే, అసలు ప్రమాదమూ ఇదే.

దాని తీవ్రత 2021-22 మిర్చి సీజనులో బయటపడింది. నల్ల తామర పురుగు పూతలో దూరి గుంటూరు, ప్రకాశం, ఖమ్మం తోటలను ఊడ్చేసింది. తెలిసిన మందులకు అది లొంగలేదు. శాస్త్రవేత్తలు జిగురు అట్టలు పెట్టమని, మందులు తగ్గించమని, వేపనూనె వాడమని చెబుతుంటే, ఫోన్లలో రోజుకో ‘అద్భుత’ మిశ్రమం తిరిగింది. నాలుగైదు మందులు కలిపి కొట్టినవారున్నారు. బయో మందుల పేరుతో అమ్మిన సీసాల లోపల ఏముందో తెలియకుండా వేలకు వేలు పోసినవారున్నారు. భయంతో ఉన్న మనిషి ఏ ప్రకటన చూసినా కొంటాడు. ఏ ఊళ్లో ఏ తెగులు మొదలైందో ఫోను వెతుకులాటల్లోనే తెలిసిపోయే కాలంలో ఆ భయాన్ని గుర్తించి, సరిగ్గా ఆ మనిషికే ప్రకటన చేర్చడం చాలా సులువు.

చట్టాలు, నియమాలు లేకపోలేదు. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. డబ్బు తీసుకుంటే అది ప్రకటన అని చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు వచ్చాయి. మొదటి తప్పుకు పది లక్షలు, ఆ తర్వాత యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. అదే ఏడాది నవంబరులో లైసెన్సు ఉన్నవారు ఈ-కామర్స్ ద్వారా పురుగుమందులు అమ్ముకునే వీలు కల్పించారు. కానీ ఈ నియమాలు అమలు చేసేవారి కన్ను ఎక్కువగా సినిమా తారల మీద, నగరాల్లో అమ్ముడయ్యే క్రీముల మీద ఉంది. క్రోసూరు రైతు నమ్మిన మందు వీడియో మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో మండల వ్యవసాయాధికారి కూడా చెప్పలేని పరిస్థితి. మందుల దుకాణాన్ని తనిఖీ చేసే అధికారి ఉన్నప్పుడు, ఆ దుకాణం నడిపే ఛానెల్‌ను తనిఖీ చేసే అధికారం కూడా అతనికే ఇవ్వాలి.

ఇక వార్తా మాధ్యమాలు. తెలుగులో వ్యవసాయ పాత్రికేయానికి గట్టి సంప్రదాయమే ఉంది. రామోజీరావు 1969లో అన్నదాత పత్రిక తెచ్చారు. 1995లో ఈటీవీ వచ్చాక అదే పేరుతో తెల్లవారుజామున వచ్చే కార్యక్రమం రైతు కుటుంబాల దినచర్యలో భాగమైంది. గుంటూరు జిల్లా కొర్నెపాడుకు చెందిన యడ్లపల్లి వెంకటేశ్వరరావు రైతునేస్తం పత్రిక నడిపి, ఊళ్లోనే సేంద్రియ సాగు శిక్షణ తరగతులు పెట్టి, తర్వాత అదే పేరుతో వీడియోల్లోకి వచ్చారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. తెలంగాణ నుంచి వచ్చే తెలుగు రైతుబడి ఛానెల్‌కు లక్షల మంది ప్రేక్షకులున్నారు. ఖర్చెంత, దిగుబడెంత, మిగిలిందెంత అని రైతును నిలబెట్టి అడిగే ఆ తీరు పాత పత్రికల్లో అరుదు. పెట్టుబడి లేని యువకుడు ఒక ఫోనుతో ఊరి సమస్యను బయటపెట్టగలగడం నిజమైన లాభం. దాన్ని తక్కువ చేయకూడదు.

అయితే ఈ పనికి డబ్బు ఎక్కడిది? దేశంలో 2024లో డిజిటల్ మాధ్యమాల ఆదాయం టీవీని దాటింది. ప్రకటనల మీద పెట్టే సొమ్ములో సగానికి పైగా ఇప్పుడు అటే పోతోంది. దానిలో సింహభాగం దక్కేది గూగుల్, మెటాలకు. జిల్లా పేజీల్లో విత్తన కంపెనీ, నగల దుకాణం, కాలేజీ ఇచ్చే ప్రకటనల మీద బతికే మండల విలేకరి ఆ మేరకు చిక్కిపోయాడు. వే2న్యూస్, లోకల్ లాంటి తెలుగువారు మొదలుపెట్టిన యాప్‌లు మండల స్థాయి వార్తను, చిన్న దుకాణం ప్రకటనను మళ్లీ ఒకచోటికి తెచ్చాయి. చిన్న వ్యాపారికి అవి చవక. కానీ నాలుగు వాక్యాల వార్తలో యార్డు లెక్కలను తవ్వి తీసే పని జరగదు. అందుకు జీతమిచ్చి కూర్చోబెట్టిన విలేకరి కావాలి.

సలహా యాప్‌లదీ ఇదే చిక్కు. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్లాంటిక్స్ యాప్ ఇక్రిశాట్, ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల సాయంతో 2017లో తెలుగులోకి వచ్చింది. మేలైన సాధనం. తర్వాత అది పురుగుమందుల దుకాణాలకు సరుకు చేరవేసే వ్యాపారంలోకి కూడా దిగింది. 2022లో వచ్చిన ఐటీసీ మార్స్ యాప్‌లోనూ సలహా, ఎరువులు మందుల అమ్మకం, పంట కొనుగోలు ఒకే గూటిలో ఉంటాయి. వీటి ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కానీ సలహా ఉచితం, మందుకు వెల అన్నప్పుడు ‘ఈసారి ఏమీ కొట్టొద్దు’ అనే సలహా ఎవరిస్తారు? గుంటూరు కేంద్రంగా ఉన్న రైతు సాధికార సంస్థ, డిజిటల్ గ్రీన్‌తో కలిసి ఊరి రైతులతోనే తీయించిన ప్రకృతి సేద్యం వీడియోలు ఇక్కడ ప్రత్యేకంగా కనబడతాయి. వాటిలోనూ రైతే మాట్లాడతాడు. అతని వెనక అమ్మే సీసా ఉండదు. లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు రోజుకు పది నిమిషాలు అదే పద్ధతిలో తెర మీదికి వస్తే, పుకారు మిశ్రమాలకు గిరాకీ చాలా తగ్గుతుంది. 334 రకాన్ని ఇచ్చిన సంస్థ మాటకు రైతుల్లో ఇంకా గౌరవం ఉంది.

వంటింటి వైపు చూస్తే కథ కాస్త ఉల్లాసంగా ఉంటుంది. తెనాలి దగ్గరి గుడివాడకు చెందిన కర్రె మస్తానమ్మ 2016 నుంచి కట్టెల పొయ్యి మీద వండుతూ కంట్రీ ఫుడ్స్ ఛానెల్‌లో కనిపించింది. పుచ్చకాయలో కోడికూర వండిన ఆమె వీడియో ప్రపంచమంతా తిరిగింది. 2018 డిసెంబరులో, 107 ఏళ్ల వయసులో ఆమె చనిపోయేనాటికి చందాదారులు పన్నెండు లక్షలు దాటారు. కారం, మునక్కాయ, గోంగూర రుచిని ఏ కంపెనీ ప్రకటనా అంత దూరం మోయలేదు. ఆ దారిలోనే గుంటూరు, ఒంగోలు ఇళ్లలో పచ్చళ్లు, కారప్పొడి చేసే ఆడవాళ్లు వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని అమెరికాకు కొరియర్ వేస్తున్నారు. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023-24లో దేశం నుంచి పన్నెండు వేల కోట్ల రూపాయలకు పైగా మిర్చి ఎగుమతి అయింది. యడ్లపాడు మండలం వంకాయలపాడు స్పైసెస్ పార్కులో ఐటీసీ 2022 నవంబరులో పెద్ద శుద్ధి కర్మాగారం తెరిచింది. గుంటూరు పేరుకు మార్కెట్ ఉంది. ఆ పేరు మీద వచ్చే అదనపు రూపాయిలో పండించినవారి వాటా అతి తక్కువ. చేలో కాయకూ ప్యాకెట్‌లో కారానికీ మధ్య రైతు సంఘాలు ఆన్‌లైన్ అమ్మకంలోకి దిగగలిగితే కొంత మారుతుంది.

పత్తిలో డిజిటల్ మార్పు మరో దారిలో వచ్చింది. భారత పత్తి సంస్థ తన బేళ్లను ఆన్‌లైన్ వేలంలో అమ్ముతూ వస్తోంది. రైతు దగ్గర కొనడం మాత్రం 2025 దాకా మార్కెట్ యార్డులో, జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర క్యూలోనే జరిగేది. ఆ ఏడాది కపాస్ కిసాన్ యాప్ వచ్చింది. ముందు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకుని, చెప్పిన రోజున పత్తి తేవాలి. ఆ సీజనులో పొడవు పింజకు మద్దతు ధర రూ.8,110. రోజుల తరబడి ట్రాక్టర్ల మీద పడుకునే బాధ తప్పించాలన్న ఆలోచన మంచిదే. కానీ అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చి పత్తి చేలను ముంచింది. తేమ 12 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తడిసిన పత్తికి తేదీ ముందే ఖాయం చేసుకోవడం ఎలా? స్మార్ట్‌ఫోను, ఆధార్‌కు కలిసిన నంబరు, భూమి రికార్డు మూడూ ఒకచోట కుదరనివారు ఊళ్లోకి వచ్చిన దళారికే తక్కువ ధరకు తూకం వేసిచ్చారు.

అలా ఇచ్చినవారిలో కౌలు రైతులు ఎక్కువ. ఈ ప్రాంతంలో పత్తి, మిర్చి సాగు చాలావరకు వారిదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి, చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే యాప్‌లో స్లాట్ రాదు. ధర సందేశం మాత్రం వారి ఫోనుకూ ఠంచనుగా వస్తుంది. మద్దతు ధర ఎంతో తెలిసి, ఆ ధరకు అమ్ముకునే దారి మూసుకుపోయిన ఈ మనిషిని లెక్కలోకి తీసుకోవాలంటే, యజమాని సంతకంతో పనిలేకుండా గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలానికి వెళ్లి చూసి సాగుదారుడిగా నమోదు చేసే వీలు వచ్చే సీజను విత్తనం పడేలోపు కల్పించాలి. పొలం గట్టు మీద నిలబడి ఫొటో తీసి ఈ-క్రాప్‌లో ఎక్కించే పని ఆ సహాయకుడు ఇప్పటికే చేస్తున్నాడు. ఆ ఫొటో పక్కన ఎవరి పేరు రాయాలన్నదే మిగిలింది.